సుధాకర్ సార్ అడిగినవి, చెప్పనిది

అందరికీ నమస్కారం. ధర్మవరం నుంచి మగ్గాలు ఆపి వచ్చిన నేత పెద్దలకు, హిందూపురం నుంచి షిఫ్టు మార్పించుకుని వచ్చిన నా తోటి పనివాళ్ళకు, అగళి నుంచి, చెన్నేకొత్తపల్లి నుంచి బస్సులు మారి వచ్చిన అన్నలకు, అక్కలకు, మన పెనుకొండ వాళ్ళకు నమస్కారం. ఇంతమందిని ఒక చోటికి రప్పించిన మనిషి ఈ హాల్లో లేడు. పన్నెండు రోజుల కిందట పొద్దున ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చి దిగి, ఈ ఊళ్ళో తన గదికి నడుస్తూ, సుధాకర్ సార్ దారిలోనే కూలిపోయారు. గుండె ఆగింది. అరవై ఒక్క ఏళ్ళు. మన దగ్గర అది పోయే వయసు కాదు.

నా పేరు వరలక్ష్మి. హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో ఫ్లోర్ ఇన్‌ఛార్జిని. మెషిన్ల మోతలో అరిచి అరిచి నా గొంతు ఇట్లా తయారైంది. మైకు కాస్త దూరంగా పెట్టుకుంటాను, ముందు వరుస వాళ్ళు చెవులు మూసుకోకండి.

ఈ వేదిక ఎక్కడానికి నాకు రెండు కారణాలున్నాయి. నిన్న కార్యం అయ్యాక సార్ భార్య కుళ్ళాయమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ముప్పై రెండేండ్లు కాపురం చేస్తి తల్లీ. మీ ఆయన ఏం పని చేస్తాడని ఎవురన్నా అడిగితే, జనాలను మాట్లాడిస్తాడు అని చెప్తాంటి. రేపు సభలో నువ్వన్నా సరిగ్గా చెప్పు, ఆయప్ప ఏం పని చేసెనో" అంది. నేను సరే అని తల ఊపేలోగా, గడప దగ్గర నిలబడిన వాళ్ళ కూతురు పవిత్ర అడిగింది. "మా నాయన ఊరందరికీ దారి చూపిచ్చినాడంటాండారు కదక్కా. మరి నాకు ఒక్క మాట ఏల చెప్పలేదు?"

అమ్మ ప్రశ్నకు జవాబు నాకు కొంచెం తెలుసు. కూతురి ప్రశ్నకు జవాబు నాకు పూర్తిగా తెలుసు. రెండోదే కష్టం. ఎందుకు కష్టమో అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు అమ్మ ప్రశ్న. సుధాకర్ సార్ ఏం పని చేసేవారు?

పుట్టింది ధర్మవరంలో, నేత ఇంట్లో. పద్నాలుగో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, పన్నెండేళ్ళు పట్టుచీరలు నేశారు. తర్వాత హిందూపురంలో ఒక కంపెనీ స్టోర్‌లో చేరారు. అక్కడి నుంచి ట్రైనింగ్ సెక్షన్‌కు వెళ్ళారు. కంపెనీ వాళ్ళు బెంగళూరు పంపి కోచింగ్ అనే విద్య నేర్పించారు. నలభై అయిదో ఏట ఉద్యోగం వదిలేసి, ఇదిగో ఇక్కడే, పెనుకొండ బస్టాండు దగ్గర సైకిల్ షాపు మీద గది తీసుకుని, 'వ్యక్తిగత, వృత్తిగత కోచింగ్' అని బోర్డు పెట్టారు. మొదటి నెలంతా పిల్లల్ని నవోదయ పరీక్ష కోచింగ్‌లో చేర్పించడానికే జనం వచ్చారట. ఆయన వాళ్ళకు మంచినీళ్ళిచ్చి పంపేవారు.

ఆ గదిలో టేబుల్ లేదు. రెండు కుర్చీలు, రెండూ పక్కపక్కన, కిటికీ వైపు తిరిగి ఉండేవి. కిటికీలోంచి పెనుకొండ కొండ కనపడేది. "ఎదురెదురుగా కూచుంటే పోలీస్ స్టేషన్ మాదిరి ఉంటాదమ్మా. ఇద్దరం కలిసి ఒక పక్కకే చూద్దాం" అనేవారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, ఈయనకు మొహం చూసి మాట్లాడటం రాదేమో అనుకున్నాను. అంత తెలివి నాది.

పదేళ్ళ కిందటి సంగతి. నేను అప్పుడే సూపర్‌వైజర్‌ని అయ్యాను. నా లైన్‌లో నలభై మంది ఆడవాళ్ళు. వాళ్ళలో నాగక్క అని ఒకామె, రోజూ పదకొండు గంటలకు మెషిన్ వదిలేసి లేచిపోయేది. పావుగంట తర్వాత వచ్చేది. అడిగితే తల వంచుకునేది. పావుగంటకు లైన్ ఎంత వెనకబడుతుందో మీకు తెలియదు, నాకు తెలుసు. రెండు మెమోలు ఇచ్చాను. మూడోది ఇస్తే ఆమె ఉద్యోగం పోతుంది. కంపెనీ వాళ్ళు నన్ను సార్ దగ్గరికి పంపారు. నేను ఏమని వెళ్ళాను? ఇట్లాంటి మొండి మనుషులను ఎట్లా దారికి తేవాలో ఈయన చెబుతాడు, రాసుకుని వద్దాం అని నోట్‌బుక్ తీసుకుని వెళ్ళాను.

అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "పదకొండుకే ఏల?"

నాకేం తెలుసు సార్ అన్నాను. ఆయన కొండను చూస్తూ కూర్చున్నారు. నేనూ కొండను చూశాను. నాకు ఒళ్ళు మండింది. సెలవు పెట్టుకుని, బస్సెక్కి వస్తే, ఈయన కొండను చూపిస్తాడేంటి అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. పదింటికి కాదు, పన్నెండింటికి కాదు, పదకొండుకే ఎందుకు? బస్సులో కూడా అదే. మర్నాడు పదకొండుకు నేనే వెళ్ళి నాగక్క మెషిన్ దగ్గర కూర్చున్నాను. పైకప్పులో వెలుతురు కోసం వేసిన రేకు ఉంది. సరిగ్గా ఆ వేళకు దానిలోంచి ఎండ వచ్చి సూది మీద పడుతోంది. తెల్లబట్ట మీద తెల్లదారం. నా కళ్ళకే నీళ్ళు తిరిగాయి. నాగక్క కళ్ళు అప్పటికే మసకబారుతున్నాయి. ఆ సంగతి చెబితే చూపు పోయిందని తీసేస్తారని ఆమె భయం. అందుకే ఎండ జరిగేదాకా బాత్రూమ్ దగ్గర నిలబడి వచ్చేది. రెండేళ్ళు అట్లా నిలబడింది. నేను మెమోలు రాశాను.

మెషిన్ అటు నుంచి ఇటు తిప్పాం. పది నిమిషాల పని. నాగక్క ఈ రోజు ఇక్కడికి వచ్చింది, కళ్ళద్దాలతో.

ఇప్పుడు ఆలోచించండి. సార్ నాకు ఏం చెప్పారు? ఏమీ చెప్పలేదు. వెళ్ళి చూడమని చెప్పలేదు, నాగక్కతో మంచిగా ఉండమని చెప్పలేదు. నాగక్క మొహం కూడా ఆయనకు తెలియదు. మరి ఆ పని చేసింది ఎవరు? నేనే అందామా? ఆయన అడగకపోతే నేను మూడో మెమో రాసేదాన్ని. ఆయనే అందామా? ఆయన కుర్చీలోంచి కదల్లేదు. పదేళ్ళుగా నేను దీని గురించే ఆలోచిస్తున్నాను. ఇప్పటికీ నాకు పూర్తిగా అంతు చిక్కలేదు.

పంతులు తనకు తెలిసింది మనకు చెబుతాడు. డాక్టరు రోగం చూసి మందు ఇస్తాడు. జాతకం చెప్పేవాడు జరగబోయేది చెబుతాడు. ఈయన మాత్రం మనకు తెలిసిందే, మనం చూడనిది, మన చేతే చూపించేవాడు. కుళ్ళాయమ్మా, నువ్వు చెప్పిన మాట తప్పు కాదు. జనాలను మాట్లాడించేవాడు. కాకపోతే ఆయనతో కాదు, వాళ్ళతో వాళ్ళను మాట్లాడించేవాడు.

దీంతో అందరికీ సంతోషం కలిగిందని అనుకోకండి. చిన్నస్వామన్న వెనక వరుసలో ఉన్నాడు. చెన్నేకొత్తపల్లి పక్కన గొర్రెలు మేపుతాడు. ఆయనను అడిగి, సరే అన్నాకే ఈ సంగతి చెబుతున్నాను. మోకాళ్ళు నొప్పులని, గొర్రెలు అమ్మేయాలా వద్దా అని అడగడానికి వచ్చాడు. సార్ ఒక ప్రశ్న అడిగారు. రెండోది అడిగారు. మూడోది అడిగేసరికి చిన్నస్వామన్న లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, అడగల్లని వచ్చింది నేను, అడుగుతాండేది నువ్వు. ఇదేం న్యాయం? అమ్మల్లనో వద్దో చెప్పు, నేను పోవల్ల!"

సార్ నవ్వారట. "అమ్మినావే అనుకో. మర్నాడు పొద్దున లేచి యాడికి పోతావు?" అన్నారట. చిన్నస్వామన్న కూర్చుండిపోయాడు. "అదే నాకు తెలీదప్పా" అన్నాడు. మోకాళ్ళ కంటే ఆ మాటే తనను బాధపెడుతోందని తనకు అప్పుడే తెలిసిందట. చివరికి ఇరవై ఉంచుకుని మిగతావి అమ్మాడు. ఇప్పటికీ సార్ మీద కోపమే. "నా నోటితోనే చెప్పిచ్చినాడు, ఆయన మాత్రం ఒక్క మాట చెప్పలేదు" అంటాడు. కోపం ఉన్నా, సభ అనగానే అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది ఆయనే.

ఇంకొకటి కూడా చెప్పాలి. తన పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సార్‌కు తెలుసు. ఒక పిల్లవాడు, పేరు లేకుండా సంగతి చెప్పమని తానే అన్నాడు, ఉద్యోగం మారాలని మాట్లాడటానికి వచ్చాడు. అరగంట విని సార్ కుర్చీ వెనక్కి జరిపారు. "నాయనా, నువ్వు చెప్పేది నా పనికి అందేది కాదు, డాక్టరు చూడాల్సింది" అని, అప్పటికప్పుడు తానే అతన్ని అనంతపురం తీసుకుపోయారు. ఆ పిల్లవాడు బతికి ఉన్నాడు. అన్నీ తనకు చేతనవుతాయని ఆయన ఏనాడూ అనలేదు.

ఆ గదికి ఒక కట్టడి ఉండేది. కుర్చీలో కూర్చుని చెప్పిన మాట చెప్పినవాళ్ళది. విన్నవాళ్ళది కాదు. వాళ్ళు సరే అంటే తప్ప అది గడప దాటకూడదు. నేను కూడా ఆ విద్య నేర్చుకుని ఫ్యాక్టరీలో అమ్మాయిలతో కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు, సార్ నాకు మొదట నేర్పింది అదే.

అదే నాకు ఈ పన్నెండు రోజులుగా కష్టం.

ఇప్పుడు పవిత్ర ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇది ధర్మవరం వాళ్ళలో కొందరికి తెలుసు. మిగతావాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను.

పవిత్ర చీరల అంచులకు డిజైన్లు వేస్తుంది. మునుపు గళ్ళకాగితం మీద వేసేవాళ్ళు, ఇప్పుడు కంప్యూటర్ మీద వేస్తారు. ఎవరి దగ్గరా చేరకుండా తనంతట తాను నేర్చుకుంది. తన మొదటి డిజైన్‌ను ధర్మవరం నేత పెద్ద ఓబుళప్ప మామ తన మగ్గం మీద వేశారు. రెండుసార్లు మగ్గం మీదే తప్పింది. మళ్ళీ వేసింది. ఎనిమిది నెలలు పట్టింది. నాలుగేళ్ళ కిందట ఒక గురువారం పొద్దున ఆ చీరను మగ్గం మీది నుంచి కోశారు.

ఓబుళప్ప మామ ఇంట్లో ఒక అలవాటు ఉంది. కొత్త డిజైన్ చీర కోసిన రోజు చుట్టుపక్కల నేతవాళ్ళంతా వచ్చి చూస్తారు. కానీ ఎవరూ ముందుగా నోరు తెరవరు. డిజైన్ వేసినవాళ్ళు తమ తరఫున ఒక పెద్ద మనిషిని కూర్చోబెడతారు. బాగుందో లేదో మొదటి మాట ఆయన అనాలి. ఆయన అన్నాకే మిగతావాళ్ళు అంటారు. ఆ రోజు మొదటి మాటకు పవిత్ర తన నాయనను కూర్చోబెట్టింది. పన్నెండేళ్ళు నేసిన మనిషి, పైగా తన నాయన. చీర ఆయన ఒళ్ళో పరిచి అడిగింది. "నాయనా, బాగుండాదా?"

సార్ చీర చూశారు. అంచు మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. చూసి, "నీకేమనిపిస్తాంది పాపా?" అన్నారు.

ఆయన అందరినీ అడిగే ప్రశ్నే. నన్ను వందసార్లు అడిగి ఉంటారు. ఆ ప్రశ్న వల్ల బాగుపడినవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది! కానీ ఆ రోజు, ఆ ఇంట్లో, ఆ బిడ్డకు కావలసింది ప్రశ్న కాదు. మొదటి మాట పడలేదు కాబట్టి ఓబుళప్ప మామ ఏమీ అనలేదు, పక్కింటి వాళ్ళు అనలేదు. ఇరవై మంది నేతగాళ్ళు నోరు మూసుకుని నిలబడ్డారు. పవిత్ర చీర మడిచి తీసుకుపోయింది.

తర్వాత నాలుగేళ్ళు వాళ్ళ నాయనకు అన్నం పెట్టింది. బీపీ మాత్రలు తెచ్చింది. పొద్దునే స్టేషన్ దాకా స్కూటీ మీద దింపింది. ఒక్క చీర మాత్రం మళ్ళీ ఆయనకు చూపలేదు.

పోయిన సంక్రాంతికి ముందు ఒక రోజు సార్ నన్ను గదికి పిలిచారు. ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీలో ఆయన కూర్చున్నారు. "ఈ పొద్దు నువ్వు అడుగు వరలక్ష్మీ, నేను చెప్తా" అన్నారు. పవిత్ర సంగతి అంతా చెప్పారు. గురువుకు కోచింగ్ ఇవ్వడమంటే మాటలా? ఏం అడగాలో తెలియక, ఆయన దగ్గర నేర్చుకున్నదే అడిగాను. "సార్, ఆ రోజు చీర చూడగానే మీకేమనిపించింది?"

ఆయన కొండ వైపు తిరిగారు. తర్వాత చెప్పారు. అదంతా ఆ కుర్చీలో చెప్పిన మాట. ఆయన సరే అంటే తప్ప గడప దాటకూడనిది. సరే అనడానికి ఆయన లేరు.

నిన్న వంటింట్లో కుళ్ళాయమ్మకు ఈ కట్టడి గురించి చెప్పాను. "నీ కట్టడి కట్టెలపొయ్యిలో పెట్టు తల్లీ. ఆయప్ప చెప్పింది ఎవురికోసమో ఆ బిడ్డ నీ ఎదురుగా నిలబడుకోని ఉండాది" అంది. నిజమే కదా అనిపించింది. పవిత్రను పక్కకు పిలిచి, చెబుతాను రా అన్నాను. పవిత్ర రాలేదు. "నాకు ఒక్కదానికే చెప్పద్దక్కా. నేను అడిగింది అందరి ముందర. చెప్పేది గూడా అందరి ముందరే చెప్పు. బాగాలేదని అనింటే గూడా చెప్పు" అంది. కాబట్టి ఆమె కూడా మీతో పాటు ఇప్పుడే వినబోతోంది.

చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు సార్, "వచ్చే ఆదివారం ఓబుళప్ప ఇంటికి పోయి, ఆ పొద్దు ఉన్నోళ్ళనందరినీ పిలిపిచ్చి చెప్తా" అన్నారు. ఆదివారం వచ్చింది. వెళ్ళలేదు. ఇంకో ఆదివారం వచ్చింది. ఇంతమందికి ధైర్యం తెప్పించిన మనిషి తన కూతురి ముందు నిలబడటానికి భయపడ్డాడు. అనుకున్న పని చేశారా అని మళ్ళీ అడగడం కోచ్ పని. అది నా పని. గురువు కదా, ఎట్లా అడుగుతాం అని నేను మొహమాటపడ్డాను. నెలల తరబడి గమ్మున ఉన్నాను. పవిత్రా, ఇందులో మీ నాయన తప్పు ఎంతో నా తప్పూ అంతే ఉంది. నన్ను క్షమించు.

ఇక ఆయన మాట. ఆ రోజు ఇంటికి వెళ్ళి రాసిపెట్టుకున్నాను. ఒక్క అక్షరం మార్చకుండా చదువుతాను.

"చూడంగానే నాకు తెలిసిపాయ వరలక్ష్మీ. మన అంచుల్లో చిలకలన్నీ వరసగా ఒక పక్కకే చూస్తాంటాయి. మా నాయన అట్లే నేసినాడు, నేనూ అట్లే నేస్తి. ఆ పాప ఐదు చిలకల్లో ఒకదాన్ని ఎనక్కి తిప్పింది. ఆ ఒక్కటీ ఎనకొచ్చే చిలకను పిలుస్తాండాదేమో అన్నట్టుండాది. అంచంతా కదుల్తాండాది. మెడకాడ పచ్చదారం రెండు పోగులే వాడింది, ఇంకో పోగు పడింటే చెడిపోయేది. అది నేర్పిస్తే వచ్చేది కాదు. పన్నెండేండ్లు గుంటలో కూచున్నా నాకు రాలే. నా బిడ్డకు వచ్చింది. బాగుండాది, శానా బాగుండాది అని గట్టిగా అరవల్ల అనిపించింది. అరిచింటే ఏడుస్తాంటి. అందరి ముందర ఏడుస్తానని, అలవాటైన ప్రశ్న అడ్డం పెట్టుకుంటి. నేను ఇన్నేండ్లు చేసిన పనిలో అదొక్కటే మోసం."

ఇంతే. చదవడం అయిపోయింది.

పవిత్రా, ఆయన నీకు ఎందుకు చెప్పలేదో అడిగావు. చెప్పడానికి ఏమీ లేక కాదు. మామూలుగా చెప్పగలిగే అంత చిన్న మాట కాదది. ఆలస్యమైంది, చాలా ఆలస్యమైంది, ఆయన గొంతుతో రాలేదు. అందుకు నాకు ఏడుపొస్తోంది, దాచుకోను. కానీ ఇది ఆయన మాటే. నువ్వు కోరినట్టే అందరి ముందరా వచ్చింది.

ఓబుళప్ప మామా, ఆ రోజు నీ ఇంట్లో ఉన్నవాళ్ళు చాలామంది ఈ హాల్లో ఉన్నారు. నాలుగేళ్ళుగా మీ నోళ్ళు కట్టేసినట్టున్నాయి. మొదటి మాట ఇప్పుడు పడింది. సార్ కోసం మనం పాటించే మౌనం అయ్యాక ఈ మైకు నీకిస్తాను. ఆ చీర గురించి నువ్వు ఏమనుకున్నావో ఆ పిల్లకు చెప్పు. నీ తర్వాత మిగతావాళ్ళూ చెప్పండి. సుధాకర్ సార్‌కు మనం చేయగలిగిన కార్యం ఇంతకంటే లేదు.

ఇప్పుడు రెండు నిమిషాలు ఆయన కోసం. దయచేసి అందరూ లేచి నిలబడండి. కుళ్ళాయమ్మా, నువ్వు కూర్చో, నీకు కాళ్ళ నొప్పులు. పవిత్రా, నువ్వు ఇట్లా నా పక్కకు వచ్చి నిలబడు తల్లీ.